జూమ్ లెన్సుల నిశితత్వము: తీర్పునకు ముందు విచారణ

గడచిన సంవత్సరపు సంచికలో అచ్చయిన తరగతుల చిత్రములను పాఠకులు మఱచియుండరు. వానిలో నొకదానియందు నడుమ కూర్చున్న ఉపాధ్యాయుల ముఖములు మీసపు వెండ్రుకలతోసహా తేటగా నుండగా, కుడివైపు చివర బల్లమీద నిలిచిన ఆఱవ తరగతి బాలికల ముఖములు ఆవిరి పట్టిన అద్దములో చూచినట్లు మసకగా నుండెను. వారిలో నొక బాలిక సంచికను ఇంటికి గొనిపోయి తల్లికి చూపగా, "ఇందులో నీ వెక్కడనే?" యని ఆమె యడిగెనట. బాలిక తన చోటును వ్రేలితో చూపవలసివచ్చెను. ఈ మాట చెవిని బడినప్పుడు ఛాయాచిత్రముల పనికి బాధ్యులమైన మాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు.

తప్పెవరిది? అందఱును ఏకకంఠముగా లెన్సుదే యనిరి. మన కెమెరా పూర్వవిద్యార్థులు కానుకగా నిచ్చినది. 45 మెగాపిక్సెళ్ల సెన్సారు గలది. దానికి తగిలించు జూమ్ లెన్సు మాత్రము పాతది, చవుకది. నాభ్యంతరమును 24 మిల్లీమీటర్లు మొదలు 70 మిల్లీమీటర్ల వఱకు మార్చుకొనదగినది. ఇంత గొప్ప కెమెరాకు ఇట్టి లెన్సు తగదనియు, అవే నాభ్యంతరములతో ఎఫ్/2.8 ఎపర్చరు గల మేలుజాతి జూమ్ లెన్సు కొనవలెననియు, దాని వెల లక్ష రూపాయలకు మించును గనుక తలకింత యని చందా వసూలు చేయవలెననియు సూచన వచ్చెను.

మన బడి పిల్లల తల్లిదండ్రులలో తుర్కపల్లి చుట్టుపట్ల జీనోమ్ వ్యాలీ కర్మాగారములలో పనిచేయువారు గలరు. కూరగాయలు పండించి అమ్ముకొనువారు గలరు. దినకూలికి పోవువారును గలరు. వారి కష్టార్జితమును అడుగుటకు ముందు, నేరము నిజముగా లెన్సుదేనా యని విచారింపవలసిన బాధ్యత మనపై లేదా? మా యభిప్రాయమును మొదటనే చెప్పెదము. ఆ నేరములో లెన్సుకు పాలు స్వల్పము. మనకు పాలు అధికము. అట్లని లెన్సులన్నియు నొకటేయని మేము వాదింపబోము. భేదములున్నవి. అవి ఎచ్చట నున్నవో, ఎంతమట్టునకు నున్నవో తెలియకుండ ధనము వెచ్చింపరాదనియే మా వాదము.

ముందుగా నిశితత్వ మననేమో చూతము. ఒక్క బిందువునుండి వచ్చిన వెలుగును మరల నొక్క బిందువునందే కూర్చుట లెన్సు పని. ఏ లెన్సును ఆ పనిని సంపూర్ణముగా చేయజాలదు. గాజు అంచులగుండ వచ్చిన కిరణము ఒకచోటను, నడుమనుండి వచ్చిన కిరణము వేఱొకచోటను చేరును. ఎఱ్ఱని వెలుగు వంగినంత నీలి వెలుగు వంగదనుట పొరపాటు. నీలి వెలుగే ఎక్కువ వంగును. ఈ లోపములను సవరించుటకే లెన్సులో పెక్కు గాజులను కూర్తురు. ఒక్క నాభ్యంతరమునకు మాత్రమే యీ సవరణ చేయుట కొంత సులభము. జూమ్ లెన్సులోనో, గాజుల గుంపులు ముందునకును వెనుకకును జరుగుచుండును. ప్రతి స్థానమునందును సవరణ నిలువవలెను. అందుచేతనే సాధారణ ఛాయాగ్రహణమునకు జూమ్ లెన్సులు ఆలస్యముగా వచ్చినవి. ఫోక్ట్‌లెండరు సంస్థవారి జూమార్ అను లెన్సు 1959లో వెలువడెను. నిశ్చలచిత్రములు తీయు 35 మిల్లీమీటర్ల కెమెరాలకు అదియే మొదటి జూమ్ లెన్సు. నాటినుండి నేటికి గణనయంత్రముల సాయమునను, నూతన గాజుల సాయమునను ఈ విద్య ఎంతయో పెంపొందినది. ఐనను మూడు తావులలో బలహీనత మిగిలియే యున్నది: ఎపర్చరు పూర్తిగా తెఱచినప్పుడు, చిత్రపు మూలలందు, జూము రెండు కొనలయందు. చవుక లెన్సుకును ప్రియమైన లెన్సుకును గల భేదము ముఖ్యముగా ఈ మూడు తావులలోనే బయటపడును.

ఇక సెన్సారు మాట. మన కెమెరా సెన్సారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గలది. వెడల్పున ఎనిమిది వేలకు పైగా పిక్సెళ్లు నిలిచియున్నవి. ఒక్కొక్కటి సుమారు 4.4 మైక్రాన్లు. తల వెండ్రుక మందములో పదియవ వంతునకు మించదు. ఇంత సన్నని గళ్ల జల్లెడలో లెన్సు చేసిన ప్రతి చిన్న తప్పును పట్టుబడును. కెమెరా మార్చినంతమాత్రమున లెన్సు చెడిపోలేదు. క్రొత్త కండ్లజోడు పెట్టుకొనిన ముదుసలికి ఇంటి మూలల బూజు కానవచ్చినట్లు, పూర్వమునుండి యున్న లోపమే ఇప్పుడు కానవచ్చుచున్నది.

ఇందు మఱియొక మోసము గలదు. ఇట్టి చిత్రమును కంప్యూటరు తెఱపై పిక్సెలుకు పిక్సెలుగా పెంచి చూచుట నేటి వాడుక. అట్లు చూచునప్పుడు మనము నిజమునకు ఏడడుగులకు పైబడిన వెడల్పు గల చిత్రమును మూరెడు దూరమున నిలిచి చూచుచున్నామన్నమాట. మన సంచికలోనో, చిత్రము ఆఱంగుళముల వెడల్పు, నాలుగంగుళముల ఎత్తు. అంగుళమునకు 300 చుక్కల లెక్కను 1,800 పిక్సెళ్ల వెడల్పును, 1,200 పిక్సెళ్ల ఎత్తును చాలును. వెరసి 21 లక్షల 60 వేలు. కెమెరా ఇచ్చునది 4 కోట్ల 50 లక్షలు. ఇరువదింట ఒక పాలు మాత్రమే పుటమీదికి వచ్చుచున్నది. తక్కిన పందొమ్మిది పాళ్లలో దాగియున్న భేదమునకై లక్ష రూపాయలు పోయుట వివేకమేనా?

ఈ సందర్భమున మన ప్రాంతమునకు కీర్తి తెచ్చిన రాజా దీన్ దయాళ్ గారిని స్మరింపక తప్పదు. 1844లో జన్మించి 1905లో గతించిన ఆ మహాశయుడు ఆఱవ నిజాము కొలువున ఛాయాగ్రాహకుడై, సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పి, ముసవ్వర్ జంగ్ అను బిరుదము నందెను. ఆయన తీసిన కోటల, కొలువుల చిత్రములను నేడు చూచువారు వాని తేటదనమునకు ముక్కుమీద వ్రేలు వైచుకొందురు. ఆనాటి లెన్సులు నేటివానికంటె మేలైనవా? కావు. ఆయన వాడినవి పెద్ద గాజుపలకలు. పలకను కాగితముపై నానించి అచ్చు తీయుటయే నాటి వాడుక. పలక ఎంతయో చిత్రమును అంతే, పెంచుట లేదు. లెన్సు చేసిన తప్పు ఉన్నంతలోనే యుండిపోయెను. మన సెన్సారుమీది 36 మిల్లీమీటర్ల బొమ్మయో, ఆఱంగుళముల పుటకు వచ్చుసరికి నాలుగింతలకు పైగా పెరుగును. ఏడడుగుల తెఱకు అఱువదింతలు పెరుగును. కావున ఎంత పెంచి చూచెదమను ప్రశ్న లేక ఈ లెన్సు నిశితమా కాదా యను ప్రశ్నకు అర్థము లేదు.

మాటలతో తృప్తిపడక మేము పరీక్షకు దిగితిమి. పరిచితుడైన ఒక ఛాయాగ్రాహకుడు తన మేలుజాతి లెన్సును రెండు దినములకు ఎరువిచ్చెను. విద్యార్థులు తమ యిండ్లలోనే చేయగలుగుటకై పరీక్షావిధానమును వివరించెదము.

బడి ప్రహరిగోడమీద వార్తాపత్రికలోని చిన్న ప్రకటనల పుటలను ఐదింటిని అంటించితిమి: నడుమ నొకటి, మూలలందు నాలుగు. లెన్సులను పరీక్షించుటకు తెలుగు లిపికంటె మంచి సాధనము లేదని మాకు తోచినది. డకారమునకును ఢకారమునకును, దకారమునకును ధకారమునకును భేదము క్రింది చిన్న గీతయే గదా! ఆ గీత కనబడునంతవఱకు లెన్సు ఉత్తీర్ణము, కనబడనిచో తప్పినది. కెమెరాను ముక్కాలి స్టాండుపై నిలిపి, గోడకు నడుమ నొక చిన్న అద్దము నానించి, ఆ యద్దములో లెన్సు ప్రతిబింబము సరిగా చిత్రమధ్యమున కనబడునట్లు సరిచేసితిమి. కెమెరా గోడకు తిన్నగా లేనిచో ఒక ప్రక్క మూలలు మసకబారును. ఆ నిందను లెన్సు మోయవలసివచ్చును. చేయి తగులకుండ రెండు సెకండ్ల టైమరు పెట్టితిమి. స్టాండుమీద నున్నంతసేపు అదురు నివారించు మీటను మూసితిమి. ఫోకసును తెఱపై పెంచి చూచి, ప్రతి స్థానమునను మూడేసి మారులు క్రొత్తగా కుదిర్చి, మూడింటిలో మంచిదానినే లెక్కకు దీసికొంటిమి. ఏలయన, ఫోకసు తప్పిన ఒక్క చిత్రముతో లెన్సుకు శిక్ష వేయుట అన్యాయము. ఎపర్చరు ఎఫ్/4 మొదలు ఎఫ్/16 వఱకును, నాభ్యంతరము 24, 35, 50, 70 మిల్లీమీటర్లకును మార్చుచు రెండు లెన్సులతోను ఒకే వెలుగులో తీసితిమి.

ఫలితములను దాపఱికము లేక చెప్పెదము. ఎపర్చరు తెఱచినప్పుడు మేలుజాతి లెన్సు నిస్సందేహముగా మేలు. 24 మిల్లీమీటర్ల వద్ద మన లెన్సు మూలలలో ఢకారము డకారమైపోయెను, దానిలో నిలిచియుండెను. అంతేకాక మన లెన్సుకు కుడివైపు క్రింది మూల తక్కిన మూడింటికంటె మెత్తన. లోపలి గాజు ఒకటి రవంత ఒరిగియుండునని దీనికర్థము. ఒకే నమూనాకు చెందిన రెండు లెన్సులైనను ఈ విషయమున ఒకదానివలె నొకటి యుండవు. అందుచేత ఎవరో ఎచ్చటనో పరీక్షించి చెప్పిన తీర్పు మన చేతిలోని లెన్సుకు అక్షరాల చెల్లదు. ఎఫ్/8 వద్దనో, భేదము చాలవఱకు కరగిపోయినది. 35, 50 మిల్లీమీటర్ల వద్ద ఎంత పెంచి చూచినను హెచ్చుతగ్గులు చెప్పుట కష్టమయ్యెను. 24 వద్ద మూలలలోను, 70 వద్ద కొంచెముగాను మాత్రము మిగిలెను. ఎఫ్/16 వద్ద రెండును సమానముగా మెత్తబడినవి. ఇది గాజు దోషము కాదు, వెలుగు ధర్మము. రంధ్రము చిన్నదగుకొలది వివర్తనము హెచ్చును. ఎఫ్/8 వద్ద బిందువు సుమారు 11 మైక్రాన్ల చుక్కగా పడును. ఎఫ్/16 వద్ద 21 మైక్రాన్లకు మించును. అనగా ఒక్క బిందువు ఐదు పిక్సెళ్ల వెడల్పున ప్రాకును. లక్ష పెట్టినను పది లక్షలు పెట్టినను ఈ ధర్మమునుండి విడుదల లేదు.

పిమ్మట ఎఫ్/8 వద్ద తీసిన చిత్రములను సంచిక పరిమాణమున అచ్చువేయించి, వెనుక గుర్తులు మాత్రము వ్రాసి, పదవ తరగతి విద్యార్థులముందును ఉపాధ్యాయులముందును ఉంచితిమి. ఏది ఏ లెన్సుదో ఎవ్వరును నిలుకడగా చెప్పలేకపోయిరి. వింత యేమనగా, పేర్లు తెలిసియున్నంతసేపు ప్రియమైన లెన్సు చిత్రమే "జీవకళ యుట్టిపడుచున్న"దని చెప్పినవారే, పేర్లు దాచగా మౌనము వహించిరి. కన్ను చూచునది కొంత, వెల చూచునది కొంత! పేర్లు దాచి చూపని పోలిక పోలిక కానేరదని మా దృఢాభిప్రాయము.

మూలల పరీక్ష క్రొత్తది కాదు. హైదరాబాదున 1901లో నవాబు జఫర్ జంగు గారు స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రముల పట్టిక సిద్ధపఱచు అంతర్జాతీయ కార్యమున పాల్గొనెను. అందుకు వాడినది ఎనిమిదంగుళముల లెన్సు గల ఛాయాగ్రాహక దూరదర్శిని. నక్షత్రము బిందువు, పలక మూలలో అది తోకగానో రెక్కగానో సాగినచో దాని చోటును కొలుచుట కష్టము. అట్టి పనికి మూలలయందలి నిశితత్వము ప్రాణమువంటిది. తరగతి చిత్రమునకో, మూలలలో నుండునది ఆకాశమో, నేలయో, గోడయో. పనిని బట్టి పరీక్ష. పరీక్షను బట్టి తీర్పు.

ఇక అసలు నేరమునకు వత్తము. లెన్సు పరీక్ష ముగిసినను మాకొక సందేహము తీరలేదు. మన లెన్సు మూలలు మెత్తనివే. కాని ఆ బాలికల ముఖములంత మసక గోడమీది యక్షరములలో ఎన్నడును కానరాలేదు. అందుచేత ఆ పాత చిత్రపు అసలు ఫైలును తెఱచి పెంచి చూచితిమి. చూడగా, బాలికల వెనుకనున్న కిటికీ ఊచలు తేటగా నున్నవి! అదే మూలలో, అదే లెన్సుగుండ, ఊచలు స్పష్టముగా నుండి ముఖములు మాత్రము మసకబాఱుట ఎట్లు? లెన్సు ఊచలను ప్రేమించి పిల్లలను ద్వేషించునా? చిత్రముతోపాటు కెమెరా వ్రాసికొనిన లెక్కలను చూచితిమి: ఎఫ్/11, ఐ.ఎస్.ఓ. 64, సెకండులో 8వ వంతు. రహస్యము బయటపడినది. మబ్బు పట్టిన దినమున, వరండా నీడలో, ఎపర్చరు మూసినకొలది నిశితమగునని వినియుండుటచేత ఎఫ్/11 పెట్టితిమి. నలుసులు లేని శుభ్రమైన చిత్రము రావలెనని ఐ.ఎస్.ఓ. తగ్గించితిమి. రెండింటికిని మూల్యము కాలము. ఆ ఎనిమిదవ వంతు సెకండు పెద్దలు కదలక కూర్చుండిరి. బల్లమీద ఒండొరుల నానుకొని నిలిచిన పదునొకండేండ్ల పిల్లలు కదలిరి, నవ్విరి. నవ్వుట పిల్లల ధర్మము. నిశితత్వముపై వ్యామోహమే ఆ ముఖములను తుడిచివేసినది. ఎఫ్/8 పెట్టి, ఐ.ఎస్.ఓ. 800కు పెంచియున్నచో అదే వెలుగులో సెకండులో 200వ వంతు చాలియుండెడిది. కొన్ని నలుసులు పడియుండును; కాని తల్లికి బిడ్డ కనబడియుండును.

న్యాయముగా రెండవ పక్షమును చెప్పవలెను. రాత్రివేళ పెండ్లిపందిళ్లలో చిత్రములు తీసి జీవించువానికి ఎఫ్/2.8 లెన్సు విలాసము కాదు, పనిముట్టు. శామీర్‌పేట చెరువు గట్టున నిలిచి దూరపు కొంగను తీయబూనినవానికిని నిశితత్వము అక్కఱయే. పక్షి చిత్రపు వెడల్పులో ఇరువదియవ వంతు మాత్రమే ఆక్రమించినచో దానికి దక్కునవి నాలుగువందల పిక్సెళ్లు. అచ్చున అంగుళమున్నర కూడ లేదు. అచట ప్రతి పిక్సెలును విలువైనదే. కాని అచ్చటను వేసవి మధ్యాహ్నము ఎండకు కాగిన గాలి నీళ్లవలె కదలుచుండగా ఎంతటి లెన్సైనను చిత్రమును చెదరగొట్టును. అదే దృశ్యము ప్రాతఃకాలమున తీసినచో చవుక లెన్సే మేలనిపించును. తెల్లవాఱుజామున లేచుటకు చందా అక్కఱలేదు.

కావున మా సూచన లివి. లెన్సుకై చందా వసూలు చేయు ఆలోచనను మానవలెను. గట్టి ముక్కాలి స్టాండు ఒకటి మాత్రము సంచిక నిధినుండి కొనవలెను. తరగతి చిత్రములను వరండాలో గాక, ఉదయమున చెట్టునీడ వెలుతురులో, జూమును 35 మొదలు 50 మిల్లీమీటర్ల నడుమ నుంచి, ఎఫ్/8 వద్ద, సెకండులో 200వ వంతునకు తగ్గని వేగమున, ఒక్కటి గాక ఐదాఱు చిత్రములు తీయవలెను. చిన్నపిల్లలను చివరల నిలుపక నడిమి వరుసలో నిలుపవలెను. మేలుజాతి లెన్సు నిజముగా కావలసిన దినమున దానిని అద్దెకు తెచ్చుకొనవచ్చును.

విద్యార్థులారా! పరీక్షలో మార్కులు తక్కువ వచ్చినప్పుడు కలమును నిందించువానిని మీరు నవ్వెదరు గదా. మేమును అట్టివారమే యైతిమి. పనిముట్టును నిందించుటకు ముందు దానిని పరీక్షింపుడు. పరీక్షించునప్పుడు పేర్లు దాచి పరీక్షింపుడు. పరీక్షలో మీ తప్పు బయటపడినచో దాపఱికము లేక ఒప్పుకొనుడు.

ఆ ఆఱవ తరగతి బాలికలు ఇప్పుడు ఏడవ తరగతికి వచ్చిరి. వారిని మరల నిలిపి, పాత లెన్సుతోనే పై విధమున చిత్రము తీసితిమి. ఈ సంచికలో అది అచ్చగుచున్నది. ఈ మారు ఏ తల్లియు "ఇందులో నీ వెక్కడ?" అని యడుగవలసిన పని యుండదని మా నమ్మకము. ఒకవేళ అడిగినచో, నిందను మాపై వేయవలెనే గాని లెన్సుపై వేయవలదని పాఠకమహాశయులను వేడుచున్నాము.